కొబ్బరిబొండం చదవని భాగం

మా వీధిలో నాకొక చెడ్డపేరుంది. సినిమాకి బయల్దేరినవాళ్ళని గుమ్మంలో ఆపి మరీ చివర ఏమవుతుందో చెప్పేస్తానని. మా అమ్మ చూసే సీరియల్లో రేపటి ముక్క ఇవాళే ఫోన్‌లో వెతికి చెప్పేస్తాను. మా అన్న కూతురు అపరాధ పరిశోధన నవల సగంలో ఉండగా, "సంపింది వంటోడేనే" అన్నాను. అది పుస్తకం విసిరికొట్టి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. అడిగినవాళ్ళకి అడిగినప్పుడే చెప్పాలి, అడగనివాళ్ళకి అడగకముందే చెప్పాలి. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక ఎండాకాలంలో వచ్చింది.

ఆ ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. నేను పనిచేసేది చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో, గిరిబాబు గారి ఫ్లెక్సీ షాపులో. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, అభ్యర్థులు, అందరి మొహాలూ నా మౌసు కిందనుంచే వెళ్ళాలి. నలుపుని ఛామనఛాయ చేస్తాను, బట్టతల మీద జుట్టు పెడతాను, దండం పెట్టని మనిషికి వేరేవాళ్ళ చేతులు తెచ్చి దండం పెట్టిస్తాను. ఆ రెండు నెలలూ ఆటోల వెనకా జీపుల మీదా తిరిగినవి సగం నేను అతికించిన చేతులే. మధ్యాహ్నం గిరిబాబు గారు భోంచేసి కుర్చీలో కునుకు తీసే గంటన్నర మాత్రం నాది. అప్పుడు అదే కంప్యూటర్లో జపాన్ బొమ్మల కథల్లో బుడగలు తుడిచేదాన్ని.

బుడగలంటే ఏం లేదు. బొమ్మలో మనిషి మాట్లాడే మాటలు నోటి పక్కన బుడగ గీసి అందులో రాస్తారు కదా, అవి. అందులో ఉన్న ఇంగ్లీషు చెరిపేసి తెలుగు అతికించడం నా పని. తెలుగు రాసేది నా స్నేహితురాలు ఆమని. తప్పులు దిద్దేది పాతపట్నంలో లెక్కల టీచరు ఝాన్సీ. చదివేది నూట ఎనభై మంది ఆడవాళ్ళు. హక్కులూ గిక్కులూ అడక్కండి, అడిగితే ఇంక కథ చెప్పను.

మగవాళ్ళున్న గ్రూపుల్లో నోరెత్తితే, "ఆంటీ, ఇది మీ పిల్లల ఫోనా?" అని వెక్కిరింపులు. అందుకే ఆడవాళ్ళకి మాత్రమే అని వేరే పెట్టుకున్నాం. ఆర్టీసీ కండక్టరు తులసి ఉంది, ఇద్దరు నర్సులున్నారు, మిషను కుట్టుకునే ఒకావిడుంది, కాలేజీ గుంటలు, అదే మా వైపు ఆడపిల్లలు, బోలెడుమంది ఉన్నారు. మనవడికి అన్నం పెట్టడానికి ఆ బొమ్మలు చూపించి, వాడు మానేసినా తను మానలేకపోయిన మామ్మగారు ఒకరున్నారు. ఎవరికీ అసలు పేర్లు ఉండవు, పెట్టుకున్న పేర్లే. ఆమని పేరు కొబ్బరిబొండం.

ఆ పేరెందుకో నాకొక్కదానికే తెలుసు. ఆమనికి కిడ్నీలు పోయి మూడేళ్ళు. కొబ్బరినీళ్ళు ఇంక జన్మలో తాగకూడదని డాక్టరు చెప్పిన రోజున ఇంటికొచ్చి ఆ పేరు పెట్టుకుంది. ఎందుకలా అయింది, వేరే కిడ్నీ దొరకలేదా అంటారేమో. అవన్నీ ఆ ఎండాకాలానికి ముందే అయిపోయిన మాటలు. వారానికి మూడు రోజులు రామతీర్థం నుంచి విజయనగరం వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. నాలుగు గంటలు అక్కడ మంచం మీద ఒక చేతికి గొట్టాలుంటే, రెండో చేత్తో ఫోన్‌లో తెలుగు రాసేది. మా గ్రూపు చదివిందంతా అలా రాసిందే.

మేం అప్పుడు చేస్తున్నది ఒక దీవి కథ. సముద్రం మధ్య చిన్న దీవి, ఏడాదికొక్కసారి వచ్చే పడవ. సయో అని ఒక పిల్ల. దాని అక్క ఆ పడవెక్కి వెళ్ళిపోయింది, వస్తానంది. పిల్ల ఏటేటా రేవుకెళ్ళి నిలబడుతుంది. అంతే కథ. అందులో పడవ నడిపే ఒక ముసలమ్మ ఉంది. ఇంగ్లీషులో ఆవిడ అందరిలాగే మాట్లాడేది. ఆమని ఆవిడ చేత మా అమ్మ మాట మాట్లాడించింది. "మీ అమ్మకి ఫోనివ్వు" అనేది. మా అమ్మ పేరు చిన్నతల్లి. ఆవిడని, "ఎవరైనా చెప్పకుండా వెళ్ళిపోతే మీరేమంటారండీ?" అని అడిగేది. మా అమ్మ పొలం గట్టు మీదనుంచి ఏదో అరిచేది, అది ఆదివారానికి జపాన్ ముసలమ్మ నోట్లో ఉండేది. మా గ్రూపంతా ఆ ముసలమ్మ కోసం ప్రాణం పెట్టేవారు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఒక భాగం పెట్టేవాళ్ళం. అందరూ ఒక్కసారే చదవాలి. అంతకుముందు కథ గురించి ఎవరూ ఒక్క మాట బయటపెట్టకూడదు, అదీ మా రూలు. ఒకసారి తులసి ఇంగ్లీషులో ముందే చదివేసి, ఎవరో చచ్చిపోతారని నోరు జారింది. ఒక కాలేజీ పిల్ల ఏడ్చింది. అప్పుడు పెట్టారీ రూలు. తులసి చేత అందరి ముందూ క్షమాపణ కూడా చెప్పించారు. పెట్టింది, చెప్పించింది ఆమనే.

ఉగాది వెళ్ళిన వారంలో నేను రామతీర్థం వెళ్ళాను. చీపురుపల్లిలో ప్యాసింజరెక్కి నెల్లిమర్లలో దిగితే అక్కడనుంచి ఆటో. కొండ కింద వీధిలో వాళ్ళ ఇల్లు. తండ్రి కూర్మనాథం గారు గుడిలో అర్చకులు. తల్లి ప్రసూనాంబ గారికి నేనంటే కోపం లేదు గానీ, నేను మోసుకొచ్చే బొమ్మలంటే మంట.

ఆమని నడవలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన అర లీటరు సీసా. దాని మీద స్కెచ్ పెన్నుతో పది గీతలు గీసుకుంది. రోజంతటికీ అవే నీళ్ళు. చైత్రమాసపు ఎండలో గీతకీ గీతకీ మధ్య ఎంతసేపు ఆగాలో దానికి లెక్క ఉండేది.

"ఆఖరి సంపుటం నేను రాయను" అంది నేను కూర్చోకముందే.

"ఓలమ్మ! ఇన్నాళ్ళు రాసీసి ఆఖర్న వదిలెస్తావేటే?"

"రెండేళ్ళు వండి వడ్డించానే. వండినదానికి ఆకలుండదు, తెలుసునా? మాటలు ఏరుకుంటూ చదివితే అది చదవడమా? ఈసారి ఇంగ్లీషు ముట్టుకోను, విస్తరి ముందు నేను కూర్చుంటాను. ఝాన్సీ వండుతుంది, నువ్వు వడ్డించు. ముందుగా ఒక్క మెతుకు కూడా రుచి చూపించకు."

"మరి ముసల్ది?"

"ఝాన్సీకి మీ అమ్మ నంబరిచ్చాను."

వంటింట్లోంచి ప్రసూనాంబ గారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు, నాకు. కూతురికి లేదు. ఆవిడ గ్లాసు నా చేతికిచ్చి మా ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడ్డారు, నేను తాగడం ఆమని చూస్తుందని.

"వండటమట, వడ్డించడమట! ఉప్పులేని ముద్ద నోటికి పోదు గానీ మాటలకేం తక్కువ లేదు" అన్నారు. "పొద్దున్న లేస్తే కొండమీద రాముడి కథ వినబడుతుంది. అది చాలదు దీనికి. పడవట, దీవట. ఆ పిల్లల కళ్ళు చూడు, బీరకాయంత ఉన్నాయి. ఏముందమ్మా అందులో?"

"చదివితే తెలుస్తుందమ్మా" అంది ఆమని.

"నాకా? నీ పిచ్చి నాకెందుకంటించడం!" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తరువాత ఐదు ఆదివారాలు ఆమని నిజంగానే చదువరి అయిపోయింది. పదింటికి భాగం పెడితే పదింపావుకల్లా నాకు గొంతు రికార్డు చేసి పంపేది. "ఒసే యమునా, ఆ ముసల్ది అంత మాటందేమిటే!" అనేది. "ఏడుపొస్తోందే, నీళ్ళు వేస్టు" అని నవ్వేది. ఒకసారి మాత్రం, "చదివేవాళ్ళకి ఇంత హాయిగా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేమే?" అంది. ఆ గొంతులన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి. వినను, తీసెయ్యను.

పోలింగు సోమవారం అయింది. బుధవారానికి షాపు అత్తారింటికి పిల్లని పంపేసిన పెళ్ళిపందిరిలా బోసిగా ఉంది. ఆ మధ్యాహ్నం ఇంగ్లీషులో నూట పన్నెండో భాగం వచ్చింది. అదే ఆఖరిది. గిరిబాబు గారు గురకపెడుతున్నారు. నేను ఒక్కొక్క పేజీ తెరిచి బుడగలు తుడవడం మొదలెట్టాను. మొత్తం నలభై పేజీలు. ఇరవై ఎనిమిదో పేజీ దాకా తుడిచాను. ఆ తరువాత తుడవడానికేమీ లేదు. చివరి పన్నెండు పేజీల్లో బుడగే లేదు, ఒక్క మాట లేదు. రేవు, పడవ, పిల్ల, ఆకాశం, అంతే. నేను మౌసు వదిలేసి చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు ఏడుపొచ్చిందో నాకే తెలియదు.

గిరిబాబు గారు ఉలిక్కిపడి లేచారు. "ఏటమ్మా యమునా, ఎవులు పోనారు?"

"ఎవులూ పోలేదండి. కతండి."

"కతకి ఏడుస్తన్నావేటి! ఎల్లు ఎల్లు, మొకం కడుక్కో. బేరమొస్తే ఎవులో పోనారనుకుంటారు."

ఝాన్సీ గురువారం సాయంత్రం తెలుగు పంపింది. శుక్రవారం రెండింటికల్లా అతికించడం అయిపోయింది. నాలుగింటికి ఆమని ఫోన్ చేసింది.

"అయిపోయిందా?"

"ఏటయిపోయిందా?"

"నటించకు. నూట పన్నెండు. అతికించేశావా?"

"అతికించీసాను. ఆదోరం వస్తాది."

"అయితే చూశావన్నమాట."

"సూడకండా ఎలగ అతికిస్తానే, కళ్ళు మూసుకునా?"

అవతల చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినబడుతోంది, ప్రసూనాంబ గారు అక్కడే ఉన్నారన్నమాట.

"ఒక్క మాట చెప్పవే. అక్క పడవ దిగిందా, లేదా?"

"ఒసే!"

"మాట కూడా వద్దు. దగ్గు. దిగితే ఒకసారి దగ్గు, దిగకపోతే రెండుసార్లు."

నాకు నవ్వొచ్చింది. "రూలు ఎవులెట్టారే?"

"నేనే పెట్టాను. నేనే తీసేస్తున్నాను."

"నీకోసం తీసెస్తే తులసి ఊరుకుంటాదేటి? అంతమంది ముందర ఆయమ్మ సేత సెమాపన సెప్పించినావు."

"యమునా, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉందే."

ఆ మాట అది ఎలా అందో ఇప్పుడు నాకు స్పష్టంగా వినబడుతుంది. వేళాకోళం లేదందులో. అప్పుడు మాత్రం నాకు వినబడలేదు. నేను గొప్ప తెలివైనదాన్ని కదా, దాని మాట దానికే అప్పజెప్పాను.

"ఇస్తరి ముందర కూకున్నావు కదా, వడ్డించీదాకా ఓపిక పట్టవే. రెండు రోజులేనే. ముందే సెప్పీస్తే మరింకేటుంటాది?"

"పోనీలే రాక్షసీ" అని నవ్వి పెట్టేసింది.

నేను ఫోన్ పక్కన పెట్టి ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఎంత అడిగినా చెప్పలేదు, దాని సంతోషం దానికి ఎంగిలి కాకుండా దాచాననుకున్నాను. మా గ్రూపులో ఎవరిని అడిగినా అదే చేసేవారు. మాకు అంతకన్నా ప్రేమ చూపించడం చేతకాదు. వేరే ఎవరైనా, మా అమ్మలాంటిది అయితే, "వచ్చిందిలే, పడుకో" అనో, "రాలేదమ్మా" అనో ఒక్క ముక్కలో చెప్పేసి పనిలో పడిపోయేది.

శనివారం ఆమని విజయనగరం వెళ్ళింది. మూడింటికి తిరిగొచ్చింది. సీసాలో ఆ రోజుకి రెండు గీతల నీళ్ళు మిగిలాయి. ఒక గీత తాగి, రెండోది సాయంత్రానికుంచుకుని, కాసేపు పడుకుంటానంది. ప్రసూనాంబ గారు దీపాలవేళ లేపబోతే లేవలేదు.

ఆదివారం పొద్దున్న మొదటి బండికే వెళ్ళాను. ఆమని అన్న హరిచరణ్ హైదరాబాదు నుంచి రావాలని దహనానికి ఆగారు. ఆమనిని నడవలోనే పడుకోబెట్టారు. కూర్మనాథం గారు వీధి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఆయన్ని పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆయన మొహం చూసి పలకరించకుండానే పక్కన కూర్చుంటున్నారు. సీసా కిటికీలో ఉంది, అడుగున ఒక గీత నీళ్ళతో. దాని పక్కన ఆమని ఫోను.

గ్రూపులో నేనెవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కాబట్టి పాతపట్నంలో ఝాన్సీ, ప్రతి ఆదివారం లాగే, పదింటికి నూట పన్నెండో భాగం పెట్టేసింది.

కిటికీలో ఫోను వెలిగి టింగుమంది. నడవలో అందరూ అటు చూశారు. కాసేపు ఊరుకుంది. తరువాత వరసగా మోగడం మొదలెట్టింది, టింగు టింగుమని ఆగకుండా. అక్కడ నూట ఎనభై మంది చదువుతున్నారు, ఏడుస్తున్నారు, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

ప్రసూనాంబ గారు లేచి ఫోన్ తీశారు. "ఎవరమ్మా వీళ్ళంతా? ఆదివారం పొద్దున్నే దానితో ఇంతమందికేం పని?" అన్నారు నన్ను చూసి.

ఆవిడ ఫోన్‌ని కొంగుతో తుడిచారు. "చార్జింగ్ అయిపోవచ్చినట్టుంది" అని, గోడకున్న వైరు తీసి గుచ్చి, మళ్ళీ వచ్చి కూతురి తల దగ్గర కూర్చున్నారు.

అప్పుడు నాకు ఆ పన్నెండు పేజీలూ గుర్తొచ్చాయి. వాటిలో మాటల్లేవు. ఝాన్సీ రాయాల్సింది లేదు, నేను అతికించాల్సింది లేదు. బుధవారం మధ్యాహ్నమే, నేను చూసిన నిమిషంలోనే, పంపెయ్యొచ్చు. అది బుధవారం సాయంత్రానికే చూసేది. నేను ఆ శవం పక్కన కూర్చుని ఆ లెక్కే చేస్తున్నాను, బుధవారం, గురువారం, శుక్రవారం అని. ఇంకేదీ నా బుర్రలోకి రాలేదు.

తరువాతి ఆదివారం మా గ్రూపువాళ్ళు ఏడుగురు రామతీర్థం వచ్చారు. ఝాన్సీ పాతపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తులసి డ్యూటీ మధ్యలో ఖాకీ చొక్కాతోనే వచ్చింది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూడటం అందరికీ అదే మొదటిసారి. వీధి మొదట్లో ఎవరినో, "కొబ్బరిబొండం వోలిల్లెక్కడండి?" అని అడిగారట. వాళ్ళు కొబ్బరి బొండాల బండి చూపించారట. నేను ఎదురెళ్ళి తీసుకొచ్చాను.

ప్రసూనాంబ గారు చాప వేశారు. "మీరంతా ఆమనితో చదువుకున్నారా అమ్మా?"

"నేదండి" అంది తులసి. "మీ అమ్మాయి రాసింది సదువుకున్నామండి."

ఆవిడకి అర్థం కాలేదు. తులసి కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, బస్సులో స్టేజీ పేరు పిలిచినట్టు గట్టిగా పడవ ముసలమ్మ మాట చెప్పింది: "'ఎల్లినోలు ఎల్లినట్టే రారే పిల్లా, ఏరే మనిసయి వస్తారు. అయినా మన గుమ్మం మటుకు అదే ఉంచాల.' మా ఆయన దుబాయిలో ఉన్న ఏడాదీ ఈ ముక్క ఫోన్‌లో పెట్టుకున్నానండి."

ప్రసూనాంబ గారు నా వైపు తిరిగారు. "మా ఆమని ఇలా మాట్లాడదే. ఎక్కడివమ్మా ఈ మాటలు?"

"మాయమ్మవండి. ఫోన్ సేసి అడిగీది. సివరి ముక్క మటుకు ఆమనిదేనండి. మాయమ్మకి గుమ్మం సంగతి తెలీదు."

ఆవిడ ఆ వాక్యాన్ని తులసి చేత మళ్ళీ చెప్పించుకున్నారు. తులసి మళ్ళీ చెప్పింది, ఈసారి మెల్లగా. పరామర్శకి వెళ్ళినవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు కదా, వాళ్ళు ఒక్కొక్కళ్ళే చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. నేనూ లేవబోతుంటే ప్రసూనాంబ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ ఫోన్‌లో పేజీ ఎలా తిప్పాలో నాకు చూపించు" అన్నారు.

పదమూడో రోజు దాటాక ఆవిడ మొదటి భాగం మొదలెట్టారు. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవారు నాకు, సరిగ్గా గిరిబాబు గారు కునుకు తీసే వేళకి. "ఇది కుడినుంచి ఎడమకి చదవాలని చెప్పవేమమ్మా? పది పేజీలు వెనకనుంచి చదివాను" అని ఒక రోజు. "ఈ జుట్టు ఎగరేసుకునేది అక్కా, చెల్లెలా? కళ్ళన్నీ ఒక్కలా ఉన్నాయి" అని ఇంకో రోజు. నాలుగు రోజులు పోయాక ఆవిడ పైకి చదువుతున్నారని తెలిసింది. భోజనాలయ్యాక కూర్మనాథం గారు అరుగు మీద పడుకుంటే, ఆవిడ గుమ్మంలో కూర్చుని పురాణం చదివినట్టు చదివేవారట. ఆమని పోయాక ఆయన ఇంట్లో నోరు విప్పలేదు. సయో దీవిలో ఒంటరిగా ఉండిపోయిన భాగం విని, "ఆ పిల్ల అన్నం తిందా మరి?" అన్నారట. "మొదటి మాట అదేనమ్మా" అని చెప్పారావిడ నాకు.

నాకు లోపల్లోపల భయం పట్టుకుంది. ఆవిడ ఎనభయ్యో భాగానికొచ్చారు, తొంభైకొచ్చారు. మనిషి ప్రాణం ఎంత గట్టిదో చూశాక, ఆవిడకైనా ముందే చెప్పెయ్యాలని పీకుతూ ఉండేది. ఫోన్‌లో నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డ రోజున నేను రామతీర్థం వెళ్ళాను. కూర్మనాథం గారు గుడికెళ్ళారు. నడవలో మంచం ఎత్తేశారు. ప్రసూనాంబ గారు గుమ్మంలోనే, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నిన్న నూట పదకొండు అయిపోయింది" అన్నారు. "పడవ రేవులోకి వచ్చేస్తోంది. పిల్ల పరిగెడుతోంది."

నేను ఇంక ఆగలేకపోయాను. "పిన్నిగారూ, సివర ఏటవుతాదో నేను సెప్పెస్తానండి. ఇప్పుడే సెప్పెస్తాను. ఆ రోజు అది అడిగినాది, సెప్పలేదండి. దగ్గితే సాలన్నాది. నేను దగ్గనేదండి." అంతదాకా ఎలాగో అనగలిగాను. తరువాత ఏడుపు ముంచుకొచ్చింది. నెల రోజులుగా ఎవరి ముందూ ఏడవలేదు, అదంతా ఆ గుమ్మంలో ఏడ్చాను.

ఆవిడ నన్ను ఏడవనిచ్చారు.

"తెలుసు" అన్నారు కొంతసేపటికి. "బియ్యం చెరుగుతూ పక్కనే ఉన్నాను కదా. ఫోన్ పెట్టేసి నవ్వింది. 'చూశావా అమ్మా, ఎంత అడిగినా చెప్పలేదు, గట్టి ముండ' అంది. ఆ సాయంత్రమంతా, దిగుతుందా దిగదా అని నన్ను వేధించింది. నాకేం తెలుసు? 'దిగితే ఏం, దిగకపోతే ఏం, పడుకోవే' అని కసురుకున్నాను."

ఆ మాటతో నాకు ఊరట కలిగిందని అబద్ధం చెప్పను. ఆవిడకీ లేదు. కసురుకున్నాను అన్నప్పుడు ఆవిడ గొంతు నాకు తెలిసిన గొంతే, నా లోపల రోజూ వినబడేదే.

"సెప్పమంటారా మరి?" అన్నాను.

ఆవిడ ఫోన్ తెరిచి నాకు చూపించారు. వరసగా భాగాలు, ఒకటి నుంచి నూట పదకొండు దాకా, అన్నీ చదివినట్టు వెలిసిపోయి ఉన్నాయి. అట్టడుగున నూట పన్నెండు. తెరవలేదని దాని పక్కన ఎర్రచుక్క.

"వద్దు తల్లీ" అన్నారు. "అది ఎందాకా చదివిందో నేనూ అందాకా చదివాను. నాకది చాలు. దానికన్నా ముందు నేనెలా తెలుసుకుంటాను?"

వీధిలో సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆవిడ లేచి వెళ్ళి, కిటికీలో సీసా పక్కన ఫోన్‌ని వైరుకి గుచ్చారు. నాకు కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళబోతూండగా కూర్మనాథం గారు గుడినుంచి వచ్చారు. ఉత్తరీయం దులిపి దండెం మీద వేసి, నన్ను చూసి తలూపి, అరుగు మీద తన చోట్లో కూర్చున్నారు.

"ఏమే, అయిపోయిందా కథ?" అన్నారు.

ప్రసూనాంబ గారు గుమ్మంలో ఆగారు.

"లేదండీ" అన్నారు. "ఇంకొకటి ఉంది."